బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి

"రేపు మా క్లాసు మీ మ్యూజియంకి వస్తోంది. నువ్వు నన్ను ఎరగనట్టు ఉండు," అంది పిచ్చుక.

తల్లి గిన్నెలు తోముతోంది. తోమడం ఆపలేదు. "వచ్చే నెల అన్నారుగా."

"ముందుకి జరిపారు. నువ్వు సెలవు పెట్టు."

"అడిగి చూస్తాలే."

"అడిగి చూసేదేంటమ్మా. కడుపునొప్పి అను."

"నువ్వలా అనబట్టే కదా ఈ ఇంటికొచ్చి పడ్డాం."

నిజమే మరి. పోయిన బళ్లో మ్యూజియంకి తీసుకెళ్లిన రోజున పిచ్చుక కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయింది. మర్నాడు క్లాసులో పిల్లలు రానిదెవరా అని చూశారు. ఎందుకు రాలేదా అని ఆలోచించారు. దానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. కొన్నాళ్లకి దాని బెంచీ మీద అటూ ఇటూ ఖాళీ అయింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. జరిగి కూచున్నారు, అంతే. ఏడాది ఎలాగో గడిపి తల్లి ఇల్లు మార్చింది, బడి మార్చింది. కొత్త బళ్లో పిచ్చుక, వాళ్లమ్మ ఏదో ఆఫీసులో పని చేస్తుందని చెప్పుకుంది. పచ్చి అబద్ధమేం కాదు. మ్యూజియంలో ఆఫీసు కూడా ఉంది.

తల్లి చెయ్యి తుడుచుకుని మేనేజరుకి ఫోను చేసింది.

"అదేంటమ్మా," అన్నాడు మేనేజరు. "రేపొచ్చేది పెద్ద బడి. మిగతా గైడులు చెప్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. మీరు చెప్తే పిల్లలకి ఎక్కుతుంది. మీరు ఆ మనిషి కదా."

ఆ మనిషి అంటే ఏంటో చెప్పి తీరాలి. మ్యూజియం ఒకప్పుడు అద్దకం మిల్లు. రంగు తొట్లలో చేతులు పెట్టి గుడ్డ ముంచి తీసే పని తరతరాలుగా ఒకే వీధివాళ్లు చేశారు. మోచేతుల దాకా రంగు. ఎంత తోమినా పోదు. ఊరు వాళ్లకి రంగుచేతులవాళ్లని పేరు పెట్టింది. ఒక ఏడు జ్వరాలొచ్చి జనం పోతుంటే, వాళ్లు నీళ్లలో చేతులు పెట్టబట్టే ఈ జ్వరాలని ఎవరో అన్నారు. ఆ ఎవరో ఎవరన్నది మ్యూజియంలో ఏ గోడ మీదా లేదు. వీధివాళ్లని గుడ్డలారేసే షెడ్డులోకి తోలి, బయట గొళ్లెం పెట్టి, నిప్పంటించారు. ఆ షెడ్డు కూడా ఇప్పుడు మ్యూజియంలోనే ఉంది. మిల్లు మూతపడి చాలాకాలమైంది. మిగిలినవాళ్ల మనవలకీ మునిమనవలకీ చేతుల మీద ఏ రంగూ లేదు. అయినా ఊరికి ఎవరెవరో తెలుసు. తెలియకపోతే కనుక్కుంటుంది.

ఇప్పుడు బళ్లవాళ్లు వరసపెట్టి పిల్లల్ని తీసుకొస్తారు. మనిషిని మనిషి తక్కువ చూడకూడదని నేర్పడానికి. పిల్లలు నేర్చుకుంటారు కూడా. వెళ్లేముందు "ఇకపై ఎవరినీ చిన్నచూపు చూడను" అని రంగు కాగితాల మీద రాసి గోడకి అంటిస్తారు. గోడ నిండితే వాచ్‌మన్ పీకేసి సంచిలో వేస్తాడు.

పొద్దున్నే తల్లి టిఫిను డబ్బా మూత బిగించి గట్టు మీద పెట్టింది. రెండు వేళ్లతో కూతురి వైపు కొంచెం తోసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. పిచ్చుక డబ్బా తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆ ఇంట్లో ఏ వస్తువైనా అలాగే చేతులు మారుతుంది. ఎప్పటి నుంచో అంతే. ఆ పొద్దున కూడా ఇద్దరిలో ఒక్కరూ దాన్ని గమనించలేదు.

"తాతమ్మ ఫొటో దగ్గర ఏం చెప్తావు?" అంది పిచ్చుక షూ వేసుకుంటూ.

"ఏమీ చెప్పను. దాటేస్తా."

"వాచ్‌మన్ తాతకి చెప్పావా?"

"చెప్పా. నువ్వెవరో తెలీదంటాడు. నువ్వొచ్చినప్పుడు అటు తిరిగి నించుంటాడు."

"అటు తిరగొద్దను. మామూలుగా ఉండమను."

వాచ్‌మన్ మామూలుగా ఉండలేకపోయాడు. బస్సు దిగిన పిల్లలు గేట్లోకి వస్తుంటే పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నట్టు మెడ ఎత్తి నించున్నాడు. ఒక కుర్రాడు కూడా పైకి చూశాడు. "ఏముంది తాతా అక్కడ?" అన్నాడు. "పిట్ట," అన్నాడు వాచ్‌మన్.

పిల్లలందరికీ ఒకే రకం కోట్లు. జేబు మీద బడి పేరు దారంతో కుట్టి ఉంది. పిచ్చుక వరసలో చివర్న, కళ్లజోడు పిల్ల వెనకాల వస్తోంది. కళ్లజోడు పిల్ల దాని స్నేహితురాలు. ఇంట్లో రోజూ ఆ పిల్ల కబుర్లే. తల్లి ఆ పిల్లని చూడటం ఇదే మొదలు. చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

హెడ్‌ఫోన్లు పంచింది. తొట్ల గది చూపించింది. పంపు చూపించింది. సగం కాలిన షెడ్డు తలుపు, దాని లోపలివైపు గోళ్ల గీతలు చూపించింది. ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పిందో తనకే తెలీదు. చెప్తున్నప్పుడు లోపల ఏమీ కదలదు. నోరు దాని పని అది చేసుకుపోతుంది. పిల్లలు ఏడుస్తారు, టీచర్లు కళ్లు తుడుచుకుంటారు, ఆమె పక్క గదిలో లైటు వేస్తుంది.

ఫొటోల గోడ దగ్గర మాత్రం ఆమె కాళ్లు వాటంతటవే ఆగబోయాయి. ఆ ఫొటోలో ఉన్నది ఆమె అమ్మమ్మ. చిన్నపిల్లగా ఉండగా, షెడ్డు వెనక పెంకు తీసి ఎవరో బయటికి తోస్తే బతికిన మనిషి. మామూలు రోజుల్లో గైడు అక్కడ నించుని "ఈవిడ మా అమ్మమ్మ" అంటుంది. పిల్లలు అవాక్కవుతారు. మొత్తంలో పిల్లలకి గుర్తుండేది ఆ ఒక్క మాటే. కానీ ఆ ఫొటోలో కనుబొమలు పిచ్చుకవే. దిద్ది అతికించినట్టు అవే. గైడు దాటేసింది. "వీళ్లు బతికినవాళ్లు," అని పక్కకి నడిచింది.

అక్కడ మిగుల్చుకున్న సమయం చివర్న మీద పడింది. అంతా అయిపోయింది, బస్సు ఇంకా తిరిగి రాలేదు.

"ఇంకేమైనా చెప్పండి మేడమ్," అంది సాంఘికశాస్త్రం టీచరు. మంచి మనిషి. ప్రతి గదిలోనూ నిజంగానే బాధపడింది. "పిల్లలు చాలా ఫీలవుతున్నారు. ఇప్పుడే వాళ్లకి ఎక్కాలి."

గైడు జీతాల కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మామూలుగా అక్కడ ఒక్క ముక్క చెప్పి వదిలేస్తుంది. కిటికీ ముందు నించున్న మనిషి నడుము దాకా వచ్చే బల్ల. అంచు అరిగి నున్నగా అయింది.

"రంగుచేతులు తగలకూడదని ఈ బల్ల. జీతం దీని మీద పడేసేవాళ్లు. వీళ్లేమైనా ఇవ్వాలన్నా చేతికివ్వకూడదు. బల్ల మీద పెట్టాలి. ఇలా రెండు వేళ్లతో ముందుకి తొయ్యాలి. ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అప్పుడు అవతలివాడు తీసుకుంటాడు."

చేసి చూపించింది. తన తాళం చెవి బల్ల మీద పెట్టి, తోసి, వెనక్కి జరిగింది. బాగా చూపించింది. చూపించడానికి ఆమె కష్టపడక్కర్లేదు కదా.

పిల్లలకి నచ్చింది. "ఒరేయ్, నా రబ్బరు బల్ల మీద పెట్టు." "నువ్వు ఒక అడుగేశావు, రెండెయ్యి." "నవ్వకండర్రా," అంది టీచరు. "నవ్వే విషయం కాదు. చేసి చూడండి, ఎలా ఉంటుందో అర్థమవుతుంది." అందరూ వంతులేసుకుని చేశారు. పిచ్చుక వంతు రాలేదు. అది వెనకాలే ఉండి షూ లేసు కట్టుకుంటోంది.

ఇందాక పైకి చూసిన కుర్రాడు అడిగాడు. "ఇప్పుడు కూడా ఇలాగే చేస్తారా ఆంటీ?"

"చేస్తారు," అంది గైడు. "చేతుల రంగు పోయింది కానీ అలవాటు పోలేదు. ఇంట్లో పెద్దాళ్లని చూసి పిల్లలకి వచ్చేస్తుంది. చేస్తున్నామని వాళ్లకే తెలీదు. మీరు జాగ్రత్తగా చూస్తే పట్టేయొచ్చు."

ఆ చివరి మాట ఎందుకందంటే, పిల్లలు వింటున్నారు కాబట్టి. ఫొటో మాట లేని లోటు పూడ్చాలి కాబట్టి. మంచి గైడు. ఎక్కడ ఏ మాట పడితే పిల్లల కళ్లు పెద్దవవుతాయో తెలుసు.

బస్సు హారను కొట్టింది. హెడ్‌ఫోన్లు వెనక్కివ్వాలి. కౌంటరు మీద పడేస్తే జారి కింద పడుతున్నాయని, ఎవరివి వాళ్లు గైడు చేతికే ఇవ్వాలని మ్యూజియంలో నియమం. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేతిలో పెడుతున్నారు. ఇప్పుడే పాఠం విన్నారు కదా, బాగా నొక్కి మరీ పెడుతున్నారు. ఒక పిల్ల రెండు చేతులతో పట్టుకుని "థాంక్స్ ఆంటీ" అంది. కళ్లజోడు పిల్ల పెట్టింది. పక్కకి జరిగి స్నేహితురాలి కోసం ఆగింది.

పిచ్చుక వచ్చింది. తల్లి మొహం చూడకూడదు, అదొక్కటే దాని బుర్రలో ఉంది. చూపు కౌంటరు మీద పెట్టుకుని నడిచొచ్చింది. హెడ్‌ఫోన్లు కౌంటరు మీద పెట్టింది. రెండు వేళ్లతో తోసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

తల్లి చాపిన చెయ్యి గాల్లోనే ఉంది.

"అదేంటే," అంది కళ్లజోడు పిల్ల. "నువ్వు కూడా..." అని ఆగిపోయింది. ఆ పిల్ల కావాలని అనలేదు. జాగ్రత్తగా చూడమన్నారు, చూసింది.

వరసలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనక ఉన్నవాళ్లకి ముందున్నవాళ్లు చెప్పారు. పిచ్చుక తన చేతుల్ని చూసుకుంది. అప్పుడు తల్లిని చూసింది. వద్దు, అన్నట్టు చూసింది. తల్లి హెడ్‌ఫోన్లు తీసుకుని తీగ చుట్టి డబ్బాలో వేసింది.

టీచరు పిల్లల్ని తోసుకుంటూ పిచ్చుక దగ్గరికి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. "అమ్మా, నువ్వు మాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ? సిగ్గుపడాల్సిందేముంది ఇందులో? సిగ్గుపడాల్సింది మేమమ్మా, నువ్వు కాదు." పిల్లల వైపు తిరిగింది. "చూశారా? మన మధ్యనే ఉంది. మనకి తెలీకుండా మన బెంచీల మీదే ఉంది. చప్పట్లు కొట్టండి."

కొట్టారు. గట్టిగానే కొట్టారు.

"ఆ బల్ల దగ్గర నించో తల్లీ, ఒక ఫొటో. గైడుగారూ, మీరూ పక్కన నించోండి. మీరూ వాళ్లేగా, మేనేజరుగారు చెప్పారు. అలా ఎడంగా కాదండీ, దగ్గరగా. భుజం మీద చెయ్యెయ్యండి."

గైడు వెళ్లి కూతురి పక్కన నించుంది. భుజం మీద చెయ్యి వేసింది. ఎరగని పిల్ల భుజం మీద వేసినట్టు, వేళ్లు ఆనీ ఆనకుండా వేసింది. మాటిచ్చింది మరి. కోటు కింద పిల్ల భుజం రాయిలా ఉంది. "నవ్వండి" అనబోయి టీచరు మానుకుంది.

బస్సు వెళ్లాక వాచ్‌మన్ వచ్చాడు. "నేను పైకే చూశానమ్మా," అన్నాడు.

"నువ్వు బాగానే చేశావు బాబాయ్," అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంట్లో వంట అయింది, తిన్నారు. పంపు కారుతుంటే పిచ్చుక లేచి కట్టేసింది. "వాషరు పోయింది," అంది. "మారుస్తా," అంది తల్లి. మారుస్తా అన్నది పంపు గురించే. ఇల్లు గురించి కూడా అనుకుంది. ఈసారి ఎక్కడ దొరుకుతుందో, సామాను బండి ఎవరిని అడగాలో ఆలోచించుకుంటూ పడుకుంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేదేమో అని కూడా అనిపించలేదు.

మర్నాడు పిచ్చుక బడికెళ్లింది. సాయంత్రం వచ్చింది.

"బెంచీ ఖాళీ చేశారా?" అంది తల్లి.

"లేదు. నా పక్కన కూచోడానికి కొట్టుకున్నారు." సంచి దింపి అందులోంచి పెన్నులు తీసింది. రబ్బర్లు, చాక్లెట్లు, ఒక జడ క్లిప్పు. నేల మీద కుప్ప పోసింది. "రోజంతా నా చేతిలో ఏదో ఒకటి పెడుతూనే ఉన్నారు. పెట్టి నొక్కుతున్నారు. ఎవరైనా చూస్తున్నారా లేదా అని అటూ ఇటూ చూసుకుంటున్నారు. ఈ క్లిప్పు ఎవరిచ్చారో కూడా తెలీదు."

"కళ్లజోడు పిల్ల?"

"దూరంగా కూచుంది. దానికి నాతో ఏం మాట్లాడాలో తెలీట్లేదనుకుంటా. నాకూ తెలీట్లేదు." క్లిప్పుని కుప్పలోకి విసిరి, "అది ఒక్కతే ఏమీ ఇవ్వలేదు," అంది.

తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాత కాస్త తగ్గింది. వారం తిరిగేసరికి వాళ్లకి విసుగొచ్చింది. ఇచ్చేవాళ్లు మానేశారు. పక్కన కూచున్నవాళ్లు ఒక్కొక్కరే వాళ్ల పాత చోట్లకి వెళ్లారు. మొదటి బళ్లో జరిగినదానికీ దీనికీ తేడా ఏంటంటే, ఇక్కడ ముందు చప్పట్లు కొట్టారు.

ఇంతలో మేనేజరు, టీచరు పంపిన ఆ ఫొటో పెద్దది చేయించి గేటు పక్కన బోర్డు మీద పెట్టించాడు. కింద "తెలుసుకుందాం, మారుదాం" అని రాయించాడు. అందులో తల్లీ కూతురూ బల్ల దగ్గర పరాయివాళ్లలా నించుని ఉన్నారు. పనికొచ్చినప్పుడల్లా ఆమె దాని పక్కనించే లోపలికెళ్లాలి.

"అది తీయించండి," అంది.

"అదేంటమ్మా, బడివాళ్లు ఎంత మెచ్చుకున్నారో తెలుసా? ఆ పిల్లని మన వార్షికోత్సవానికి పిలిచి మాట్లాడిద్దామని కూడా అనుకుంటున్నాం. మీకు తెలిసినవాళ్లేనా? వాళ్లింట్లో అడుగుతారా?"

"ఒప్పుకోరు."

"అడక్కుండానే ఎలా చెప్తారు?"

"అది నా కూతురు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. బోర్డు కనిపించే కిటికీ వైపు చూశాడు, ఆమెను చూశాడు. "మరి ఫొటోలో అలా ఉన్నారేంటమ్మా," అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "అయితే ఇంకా బాగుంటుంది కదా. తల్లీ కూతురూ," అన్నాడు.

ఆ ఆదివారం ఆమె ఇంట్లో అట్టపెట్టెలు దింపింది. గిన్నెలు కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది. పిచ్చుక గుమ్మంలో నించుని చూసింది.

"ఏంటిది?"

"ఊరికి అవతల ఇల్లుందట. బడి కూడా దగ్గరేనట."

"ఆ బడివాళ్లు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు?"

తల్లి ఇంకో గిన్నె తీసుకుంది.

"మీ మ్యూజియంకే తీసుకొస్తారు," అంది పిచ్చుక. "ఇంకో ఊరెళ్లినా రైలెక్కించి మరీ తీసుకొస్తారు. నువ్వే చెప్తావు. జాగ్రత్తగా చూడండి పిల్లలూ, పట్టేయొచ్చు అంటావు. పెట్టెలు పైన పెట్టు. నేనెక్కడికీ రాను."

తల్లి చేతిలో సగం చుట్టిన గిన్నె ఉంది. కిందా పెట్టలేదు, చుట్టనూ లేదు.

"మనం ఎలా నించుంటామో అంతా చెప్పావు," అంది పిచ్చుక. గొంతు పెంచలేదు. బజారు నుంచి ఏం తేవాలో చెప్తున్నట్టు చెప్పింది. "వేళ్లెన్నో, అడుగెంతో అన్నీ చెప్పావు. ఆ బల్ల ఎవరు కొట్టించారో ఎప్పుడూ చెప్పవేం?"

"రాసిచ్చిన దాంట్లో లేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు. మా అమ్మమ్మ చెప్పింది."

"ఎవరు?"

తల్లి పేరు చెప్పింది. పిచ్చుక గోడకి తగిలించిన తన కోటు వైపు చూసింది. జేబు మీద దారంతో కుట్టిన పేరు వైపు. తల్లీ అటే చూసింది. ఎన్నిసార్లు ఉతికింది ఆ కోటు, ఎన్నిసార్లు ఇస్త్రీ చేసింది.

"ఇది చెప్తే నీకు బళ్లో..." అంది తల్లి.

"నాకు బళ్లో పోడానికి ఇంకేముందమ్మా?"

మళ్లీ వారం అదే బడి నుంచి ఇంకో సెక్షను వచ్చింది. టీచరు ఆవిడే. "బల్ల దగ్గర ఎక్కువసేపు చెప్పండి మేడమ్, పోయినసారి అదే బాగా ఎక్కింది," అంది.

"సరే," అంది గైడు.

తొట్లు చూపించింది. తలుపు చూపించింది. ఫొటో దగ్గర ఆగి "ఈవిడ మా అమ్మమ్మ. పోయినసారి మీ బడి పిల్లకి ఇక్కడ చప్పట్లు కొట్టారే, ఆ పిల్లకి తాతమ్మ," అంది. టీచరు నోరు తెరిచింది. గైడు అప్పటికే బల్ల దగ్గరికి నడిచింది.

"ఇది బల్ల. దీని ముందు మావాళ్లు ఎలా నించునేవాళ్లో మీరు పాత సెక్షను వాళ్ల దగ్గర వినే ఉంటారు. అది నేను ఇక చెప్పను. దీని అవతల ఎవరు నించున్నారో చెప్తాను. జీతాలిచ్చే గుమాస్తాలు నించున్నారు. దీన్ని చేసిన వడ్రంగి ఉన్నాడు. కొలతలు చెప్పి చేయించినవాడున్నాడు. నీళ్లలో చేతులు పెట్టారని మొదట అన్నదీ, షెడ్డు తాళాలు ఇచ్చిందీ వాడే. వాడి పేరు ఈ గోడల మీద లేదు. మీ జేబుల మీద ఉంది."

పిల్లలు జేబుల వైపు చూసుకున్నారు. ఒకడు వేలితో తడుముకున్నాడు.

"మేడమ్, ఇది పిల్లలతో మాట్లాడే విషయమేనా?" అంది టీచరు మెల్లిగా.

"మా పిల్లతో మాట్లాడారుగా," అంది గైడు.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. ఒక పిల్ల "మా తాత కూడా మిల్లులో గుమాస్తానే," అంది. పక్కపిల్ల దాన్ని మోచేత్తో పొడిచింది. బస్సు ఆ రోజు ముందే వచ్చింది.

సాయంత్రం గేటు వేస్తూ వాచ్‌మన్ "మేనేజరు నిన్ను రేపు పొద్దున్నే రమ్మన్నాడమ్మా," అన్నాడు. "బోర్డు మాత్రం తీసేశారు. ఇప్పుడే."

ఇంటికొచ్చేసరికి పిచ్చుక గుమ్మంలో కూచుని ఉంది. పక్కన కళ్లజోడు పిల్ల. ఇద్దరి మధ్యా పుస్తకం ఉంది కానీ ఎవరూ చదవట్లేదు. ఆ పిల్ల లేచి, "వస్తానాంటీ," అని వెళ్లిపోయింది.

"చెప్పావా?" అంది పిచ్చుక.

"చెప్పా."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు." తల్లి చెప్పులు విప్పి గోడకి ఆనుకుని కూచుంది. "హెడ్‌ఫోన్లు మాత్రం ఒక్కళ్లూ చేతికివ్వలేదు. కౌంటరు మీద పడేసి వెళ్లిపోయారు."

పిచ్చుక ఆలోచించింది. "రెండు వేళ్లతో తోశారా?"

"లేదు. విసిరేశారు."

"వాళ్లకి రాదులే," అంది పిచ్చుక. లేచి లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గుమ్మం పక్క గట్టు దాకా వచ్చి ఆగింది. గ్లాసు పట్టుకుని అలాగే నించుంది. గట్టు మీద పెట్టాలో చేతికివ్వాలో దానికీ తెలీలేదు, చెయ్యి చాపాలో వద్దో తల్లికీ తెలీలేదు. పంపు ఇంకా కారుతోంది. వాషరు మార్చలేదు.